తిత్లీ తరువాత చదవవలసింది ఏమిటి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, నాలుగున్నరకూ ఐదున్నరకూ మధ్య, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో వీచింది. విసురు వచ్చినప్పుడు 165 దాకా వెళ్ళింది. తెల్లారేసరికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో సహా పడి ఉన్నాయి, కొన్ని నడుముకి విరిగి ఉన్నాయి. జీడితోటలూ పనసచెట్లూ అంతే. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తాత నాటిన చెట్టు కాయలమ్మి మనవరాలి ఫీజు కట్టే ఊళ్ళవి. తరువాత అధికారులు వచ్చి నష్టం రాసుకున్నారు. ఆ జాబితాల్లో చెట్లు, ఇళ్ళు, పడవలు, పశువులు ఉన్నాయి. నిద్ర లేదు.

ఈ అధ్యాయం ఆ నిద్ర గురించి. భయంకరమైన అనుభవం మనసునూ ఒంటినీ ఏం చేస్తుందో వివరించే నాలుగు పేజీలు, ఆ అనుభవం పడ్డ మనిషి చేతిలో పెడితే మేలు జరుగుతుందా? జరుగుతుందని చాలామంది నమ్ముతారు. బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ 2014లో అచ్చువేసిన 'ద బాడీ కీప్స్ ద స్కోర్' ఏళ్ళ తరబడి అమ్ముడుపోతూ ఉండడానికి కారణం ఆ నమ్మకమే. దానికి ఆధారాలు ఉన్నాయి. కాకపోతే మనం ఊహించే చోట లేవు.

ఒక మనిషిని ఊహించుకుందాం. కవిటి దగ్గర ఒక ఊరు, యాభై దాటిన ఆడమనిషి. ఆ రాత్రి రేకుల కప్పు ఎగిరిపోయాక ఇంటిల్లిపాదీ ఒక గోడ మూల ముడుచుకుని తెల్లవార్చారు. ఆరు నెలలు గడిచాయి, ఇల్లు మళ్ళీ నిలబడింది. మబ్బు కూడా లేని ఒక మధ్యాహ్నం ఎండిన కొబ్బరిమట్ట గోడకు రాసుకుంటుంది. ఆమెకు చెమటలు పడతాయి, నోరెండిపోతుంది, చేతిలో చెంబు జారిపోతుంది. "గాలేస్తే సాలు, గుండి దడదడలాడిపోతంది. నాకేటో అయిపోనాది" అంటుంది. చుట్టుపక్కలవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. గాలి సోకిందని ఒకరు, బీపీ అని ఒకరు, మనిషి పిరికిదైపోయిందని ఇంకొకరు.

ఒంట్లో జరిగినది ఇది. మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టే పనిలో ఉంటుంది. ఆలోచన అందుకునే లోపే అది గుండెకూ ఊపిరితిత్తులకూ కండరాలకూ హెచ్చరిక పంపేస్తుంది. తుపాను రాత్రి ఒంట్లో పొంగిన అడ్రినలిన్ వంటి రసాయనాలు ఆ శబ్దాన్ని, ఆ తడి వాసనను, ఆ చీకటిని మామూలు జ్ఞాపకాలకన్నా గట్టిగా ముద్ర వేస్తాయి. ఇదే మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ప్రతి జ్ఞాపకానికీ ఎక్కడ, ఎప్పుడు అనే వివరాలు జోడిస్తుంది. తట్టుకోలేనంత భయంలో ఆ పని సరిగా సాగదని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. అలా మిగిలిన జ్ఞాపకం తేదీ ముద్ర పడని ఉత్తరం. ఎప్పుడు విప్పినా ఈ రోజే వచ్చినట్టుంటుంది. మట్ట గోడకు రాసుకున్నప్పుడు ఆమెకు అక్టోబర్ గుర్తుకు రాలేదు. అక్టోబర్ అప్పుడే జరిగింది.

ఇందులో జబ్బు ఎంత, సహజం ఎంత? తుపాను తరువాతి రోజుల్లో ఉలికిపాటు, పీడకలలు, నిద్రపట్టకపోవడం దాదాపు అందరికీ ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. కొందరిలో తగ్గవు. ఎంతమందిలో అన్నదానికి మన పొరుగునే ఒక లెక్క ఉంది. 1999 అక్టోబర్ 29న ఒడిశా తీరాన్ని ముంచిన సూపర్ సైక్లోన్ తరువాత, పద్నాలుగు నెలలకు, నీలమాధవ్ కర్, బినయ కుమార్ బస్తియా అనే వైద్యులు 108 మంది కౌమార వయసు పిల్లలను పరీక్షించారు. 26.9 శాతం మందిలో పీటీఎస్‌డీ, అంటే ఆఘాతం తరువాత ఒత్తిడి రుగ్మత, ఇంకా ఉంది. ఆ సంఖ్యను తెచ్చి ఉద్దానానికి అంటించకూడదు. అక్కడ సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది, వేలమంది చనిపోయారు. అయినా ఏడాది దాటినా భయం పోనివాళ్ళు ఊరికి ఒకరిద్దరే ఉంటారనుకోవడం పొరపాటని మాత్రం అది చెబుతోంది.

ఇప్పుడు చదువు సంగతికి రావచ్చు. మన ఊహలోని ఆవిడకు రెండు భయాలున్నాయి. ఒకటి గాలి భయం. రెండోది ఆ భయాన్ని చూసి పుట్టిన భయం: నాకు పిచ్చెక్కుతోంది, గుండె ఆగిపోతుంది, ఇక నేను మునుపటి మనిషిని కాను. ఆంకె ఏలర్స్, డేవిడ్ క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఈ రెండో భయానికి పెద్ద స్థానం ఉంది. మామూలుగా తగ్గిపోవలసిన లక్షణాలను మనిషి తప్పుగా అర్థం చేసుకుంటే, ఆ అర్థమే ప్రమాదం ఇంకా నడుస్తోందన్న భావాన్ని నిలిపి ఉంచుతుందని వాళ్ళన్నారు. అప్పుడు మనిషి తప్పించుకోవడం మొదలుపెడుతుంది. తోటవైపు వెళ్ళదు, ఒంటరిగా పడుకోదు, ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని నెట్టేస్తుంది.

నెట్టేయడం గురించి ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్, అతని సహచరులు కొంతమంది విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు, ఆలోచన వస్తే గంట కొట్టమన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తరువాత ఆలోచించుకోవచ్చని అనుమతి ఇస్తే, మొదటినుంచీ అనుమతి ఉన్నవాళ్ళకన్నా వీళ్ళకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. (ఉద్దానంలో ఈ ప్రయోగం పనికిరాదు. అక్కడ జీడిపళ్ళ కాలంలో నల్ల ఎలుగుబంట్లు నిజంగానే తోటల్లోకి వస్తాయి, మనుషుల మీద పడతాయి. ఆలోచించకుండా తోటకు వెళ్ళమని అక్కడ ఎవరికీ చెప్పలేం.)

మంచి చదువు పని చేసేది ఈ రెండో భయం మీద. ఒంట్లో జరుగుతున్నదానికి కారణం ఉందని, అది పిచ్చి కాదని, పిరికితనం కాదని, చాలామందికి అలాగే జరుగుతుందని, మెల్లగా తగ్గుతుందని ఒక పేజీ చెప్పగలదు. గాలి భయం ఆ పేజీతో పోదు. పోతుందని చెప్పే పుస్తకాలను నేను నమ్మను. కాని గుండె దడ మొదలైనప్పుడు "ఇది అదే" అని గుర్తుపట్టగలిగిన మనిషికీ, "చచ్చిపోతున్నాను" అనుకునే మనిషికీ తరువాతి పది నిమిషాలు ఒకేలా గడవవు.

ఇంతవరకూ వింటే చిన్న పుస్తకం అచ్చువేసి పంచేస్తే సరిపోతుందనిపిస్తుంది. ఇంగ్లండులో సరిగ్గా అదే చేసి చూశారు. పై సిద్ధాంతం చెప్పిన ఏలర్స్ బృందమే ఆ పరీక్ష జరిపింది, ఫలితం 2003లో ప్రచురించింది. రోడ్డు ప్రమాదాల తరువాత పీటీఎస్‌డీతో బాధపడుతున్న 85 మందిని చీటీలు వేసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు చికిత్సకుడి దగ్గర కూర్చుని చేసే ఆలోచనా చికిత్స. ఒక గుంపుకు స్వయంసహాయ పుస్తకం. మూడో గుంపుకు ఏమీ లేదు, అప్పుడప్పుడు ఎలా ఉన్నారో అడిగి నమోదు చేశారంతే. చికిత్స బాగా పనిచేసింది. పుస్తకం అందుకున్నవాళ్ళు ఏమీ అందుకోని వాళ్ళకన్నా మెరుగుపడలేదు. రెండు కొలతల్లో వాళ్ళకన్నా వెనకబడ్డారు కూడా. ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినందుకు ఆ బృందాన్ని మెచ్చుకోవాలి.

ఎందుకలా జరిగింది? నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. పుస్తకం ఇంటికి వెళ్ళాక మనిషి దానితో ఒంటరిగా మిగులుతాడు. మూడో గుంపుకు కనీసం "ఎలా ఉన్నావు?" అని అడిగే మనిషి పదేపదే తారసపడ్డాడు. పుస్తకంలో రాసినట్టు తనకు తగ్గకపోతే చదివినవాడు పుస్తకాన్ని అనుమానించడు, తననే అనుమానించుకుంటాడు. రెండో భయం తగ్గించడానికి ఇచ్చిన కాగితం దాన్ని పెంచి పోయినట్టవుతుంది.

ఉద్దానం విషయంలో ఇంకో చిక్కుంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. రోడ్డు ప్రమాదం అయిపోయిన సంగతి. దాని గురించి రాసే ఏ పుస్తకమైనా చివరికి ప్రమాదం గడిచిపోయిందని, ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారని చెబుతుంది. కవిటిలో ఆ మాట చెల్లదు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని కొట్టింది. తిత్లీ వచ్చింది అక్టోబర్ 11న. దసరా దగ్గరపడే వేళకు ఉద్దానంలో ఒక ముసలావిడ ఆకాశం చూసి నిద్రపోలేదంటే, అది సగం జబ్బు, సగం పంచాంగం. ఆ భయాన్ని మొత్తంగా తుడిచేస్తే, రేపు హెచ్చరిక వచ్చినప్పుడు షెల్టరుకు కదలవలసిన కాలు కదలదు. అందుకే ఇక్కడికి కావలసిన పుస్తకం "ఇక భయం లేదు" అనకూడదు. ఏ గాలికి లేచి నడవాలో, ఏ గాలికి కూర్చుని ఊపిరి చూసుకోవాలో విడదీసి చెప్పాలి. వాతావరణ శాఖ ఏ రంగు హెచ్చరికకు ఏం చేయాలన్నదీ, గుండె దడకు ఏం చేయాలన్నదీ ఎదురెదురు పేజీల్లో ఉండాలి.

కష్టం ఇంకా నడుస్తూ ఉండగానే చదవడానికి తయారైన పుస్తకం ఒకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని బొమ్మలతో, కొద్దిపాటి అక్షరాలతో రూపొందించి 2020లో విడుదల చేసింది. మందు లేదు, రోగం పేరు కూడా లేదు. పాదాలు నేలకు ఆనించి, ఊపిరి గమనించి, చుట్టూ ఏమున్నాయో చూసుకోవడం. పట్టి లాగే ఆలోచనను గుర్తించి దాని పట్టు వదిలించుకోవడం. కష్టంలోనూ తనకు విలువైన పని ఒక చిన్నదైనా చేయడం. తన పట్లా ఇతరుల పట్లా దయగా ఉండడం. నొప్పికి కాస్త చోటివ్వడం. ఉత్తర యుగాండాలోని రైనో క్యాంప్‌లో దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన 694 మంది మహిళలతో దీన్ని పరీక్షించారు. వారానికి ఒకసారి, రెండు గంటలు, ఐదు వారాలు. ఇరవై ముప్పై మంది కలిసి కూర్చుంటారు. పాఠం రికార్డు చేసిన గొంతులో వినిపిస్తుంది. కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులే కూటమిని నడుపుతారు. బొమ్మల పుస్తకం ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకెళతారు. మూడు నెలల తరువాత చూస్తే ఈ కూటముల్లో కూర్చున్నవాళ్ళ మనోవేదన మిగిలినవాళ్ళకన్నా తగ్గి ఉంది. తేడా పెద్దది కాదు. కాని ఆ శిబిరంలో ఎవరి కష్టమూ ముగియలేదని గుర్తుంచుకుని చూడాలి.

ఇంగ్లండు పుస్తకానికీ దీనికీ తేడా రాతలో లేదు, చదివే తీరులో ఉంది. ఒకరు చదవగా పదిమంది వినడం, విన్నదాన్ని అక్కడే చేసి చూడడం, మళ్ళీ వారం కలవడం. ఇది శ్రీకాకుళానికి కొత్త కాదు. ఈ ప్రాంతం వార్తనూ బాధనూ జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథగా విన్న ప్రాంతం. బొడ్డపాడు మనిషి సుబ్బారావు పాణిగ్రాహి 1960ల చివర శ్రీకాకుళ రైతాంగ ఉద్యమాన్ని ఊరూరా మోసుకెళ్ళింది జముకుల కథతోనే. 1969 డిసెంబర్‌లో ఆయన్ని చంపేశారు. రాజకీయం ఎవరికి ఎలా తోచినా, ఒంటరిగా మోయలేని సంగతిని గుంపులో కూర్చుని వినడం అక్కడి అలవాటు. ఇంకా దూరం వెళితే క్యూబా ఉంది. 1865 నుంచి హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో కార్మికులు చుట్టలు చుడుతుంటే ఎత్తైన బల్లమీద కూర్చుని ఒకాయన వార్తలూ నవలలూ చదివి వినిపించేవాడు, అతని జీతం కార్మికులే చందా వేసుకుని ఇచ్చేవారు. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో వరుసగా కూర్చుని పప్పు పొట్టు ఒలిచే ఆడవాళ్ళను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ హవానా బల్ల గుర్తొస్తుంది. చేతులకు పని ఉంది, చెవులు ఖాళీ.

చెవుల గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 62 శాతం దగ్గర ఆగింది. ఆడవాళ్ళలో సగానికి కాస్త ఎక్కువ. తిత్లీ రాత్రిని గోడ మూల గడిపిన మామ్మల్లో చాలామందికి ఏ పుస్తకమూ నేరుగా అందదు. మనవరాలు చదివి వినిపించవచ్చు, కాని ఆ పిల్ల కూడా ఆ రాత్రి అదే గోడ మూల ఉంది. పెద్దవాళ్ళ భయానికి పిల్లలను పంతులమ్మలను చేయడం నాకు సరిగా తోచదు. డ్వాక్రా సంఘాల సమావేశం అందుకు తగిన చోటు. ఆశా కార్యకర్త అందులో ఉంటే ఇంకా మంచిది. కవిటి, ఇచ్ఛాపురం వైపు చాలా ఇళ్ళలో ఒడియా మాట్లాడతారు కనుక ఒడియా గొంతు కూడా కావాలి.

చదివే పుస్తకంలో ఏం ఉండకూడదో కూడా పరిశోధన చెప్పింది. విపత్తు జరిగిన కొద్దిరోజులకే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా వివరంగా చెప్పించడం ఒకప్పుడు చాలా దేశాల్లో పద్ధతి. 2002లో కాక్రేన్ సంస్థ సమీక్ష ఒక్కొక్కరితో ఒకేసారి జరిపే ఆ సంభాషణల ఫలితాలన్నీ కలిపి చూస్తే, పీటీఎస్‌డీ రాకుండా అవి ఆపలేదని తేలింది. ఒక అధ్యయనంలో ఎక్కువ హాని కూడా కనిపించింది. కాబట్టి మొదటి పేజీలోనే "ఆ రాత్రి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి" అనే పుస్తకాన్ని పక్కన పెట్టేయడం మేలు. బాధను రాసుకోవడం వేరే సంగతి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చేసిన ప్రయోగంలో నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ గాయం గురించి రాసిన విద్యార్థులు ఆ రోజుల్లో మరింత దిగులుపడ్డారు, తరువాతి నెలల్లో మాత్రం వైద్యశాలకు తక్కువసార్లు వెళ్ళారు. తరువాత వచ్చిన వందలాది ప్రయోగాల సగటు చూస్తే ఆ మేలు చిన్నదే.

మరి కథలు? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో పుట్టిన గ్రంథాలయమది. అప్పు, భూమి, ఆకలి, వలస, ఇలా ఉత్తరాంధ్ర మనసును పగలగొట్టిన వాటిలో చాలావరకు ఆ బీరువాల్లో ఉన్నాయి. కథ చికిత్సగా ఎంత పనిచేస్తుందో స్వయంసహాయ పుస్తకాలను పరీక్షించినట్టు పరీక్షించడం కష్టం; నేను దాన్ని మందుగా సిఫారసు చేయను. కాని ఒక పని కథ చేసినట్టు కరపత్రం చేయలేదు. మీ లక్షణం ఇది అని కరపత్రం పాఠకుడి వైపే వేలు చూపిస్తుంది. కథలో బాధ ఇంకొకరిది, ఊరు ఇంకొకటి. ఎంత దగ్గరికి వెళ్ళాలో చదివేవాడి ఇష్టం, చాలనుకుంటే పుస్తకం మూసేయవచ్చు. ఆఘాతం పడ్డ మనిషి పోగొట్టుకున్న వాటిలో ఆ ఇష్టం ఒకటి.

ఉద్దానంలో చదువు ఓడిపోయే చోటు కూడా ఒకటుంది, అది కిడ్నీ జబ్బు. దశాబ్దాలుగా ఈ మండలాల్లో షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ కిడ్నీలు పాడవుతున్నాయి. నీరు, ఎండలో పని, పురుగుమందులు, లోహాలు అని ఎన్నో వెతికారు. ఒక్క కారణం తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె కోసం ఎదురుచూసే ఇంట్లో భయం తుపాను భయంలా ఒక రాత్రిది కాదు. ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు లేనప్పుడు జవాబున్నట్టు రాసిన కాగితాలే ఫోన్లలో ఎక్కువ తిరుగుతాయి, వాటిని నమ్మి కషాయాలు తాగినవాళ్ళ కిడ్నీలకు ఇంకా చేటు జరగవచ్చు. ఇక్కడ పుస్తకం నిజాయితీగా చెప్పగలిగింది తక్కువ: అంకె అర్థం ఏమిటి, ఏ మాత్ర మానకూడదు, ఏ నొప్పి బిళ్ళలు వేసుకోకూడదు, రాత్రి దిగులుగా ఉంటే ఎవరితో మాట్లాడాలి. ఆ తక్కువే రాయాలి.

చదివినా తగ్గని మనిషిని ఎలా గుర్తించాలి? నెల దాటినా నిద్ర లేకపోతే, పనికి వెళ్ళలేకపోతే, తాగుడు పెరిగితే, చావు మాటలు వస్తే పుస్తకం అవతల పెట్టి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416. ఆ నంబరు పుస్తకం అట్టమీద, చదువురాని వాళ్ళు కూడా చూసి నొక్కగలిగినంత పెద్ద అంకెల్లో ఉండాలి.

ఇక ఎప్పుడు పంచాలన్నది. తిత్లీ తరువాత ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు రాలేదు. ఫోన్లు ఆరిపోయాయి. తుపాను వచ్చాక పంపే వీడియో ఎవరికీ అందదు. కాబట్టి ఈ పని వానాకాలం ముగియకముందే, సెప్టెంబరు లోపల జరగాలి: గొంతు పాఠం ఫోన్లలోకి ఎక్కించి, సంఘం సమావేశంలో ఒకసారి విని, పాదాలు నేలకు ఆనించడం అందరూ ఒకసారి చేసి చూసి. అచ్చు పుస్తకం ఒకటి సంఘం రిజిస్టరుతో పాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోవాలి. ఆ సంచిని షెల్టరుకు ఎవరు తీసుకెళ్ళాలో కూడా అదే సమావేశంలో పేరు పెట్టి రాసుకోవాలి.